పడుగు కనిపించని ఎత్తు

విజయవాడ, వన్‌టౌన్
12 నవంబరు 2024

మల్లీశ్వరక్కకు,

నూలు మూట విప్పగానే ముందు ఈ చీటీ నీ చేతికి తగలాలని పైనే పెట్టించాను. ఫోనుండగా ఈ కాగితాలెందుకని నీ మరదలు మాధురి రోజూ దెప్పుతుంది. నాన్న ఉన్నప్పటి నుంచీ నూలు మూటలో ఒక చీటీ అటు, చీరల మూటలో ఒక చీటీ ఇటు నడుస్తూనే ఉన్నాయి. అది ఆపేస్తే కొట్టు కట్టేసినట్టే ఉంటుంది నాకు. పైగా ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు.

విషయం ఏమిటంటే, బండి కొన్నాను. పికప్. ముందు ఐదుగురు కూర్చోవచ్చు, వెనక సరుకు వేసుకోవచ్చు. తెల్ల రంగు. షోరూములో "కాంపాక్ట్ అండీ, మీ సందుల్లోకి సరిగ్గా సరిపోద్ది" అన్నారు. అక్కడ దాని పక్కనున్న రెండు బండ్ల ముందు ఇది చంటిపిల్లలా ఉంది. బెంజ్ సర్కిల్‌లో బస్సుల మధ్య ఆగితే ఒక్కడూ తల తిప్పి చూడలేదు. మా సందులో పెట్టాక మాత్రం ఎదురింటి వాళ్ల గేటు సగమే తెరుచుకుంది. వాళ్లు గేటు బయటికి తెరుచుకునేలా పెట్టించుకున్నారు, నేనేం చేసేది!

నడిపేది మన రాంబాబే. బయటి డ్రైవరెందుకు, పిన్ని కొడుకుండగా? నతానియేలు ట్రాలీ ఆటో మానిపించేశాను. ఇరవై ఏళ్లు ఆ మూడు చక్రాల బండిలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని సాలిపేట వచ్చాను. ఇకనుంచి కాస్త దర్జాగా దిగుతాను. వెంకటరావమ్మ పిన్నికి, పాండురంగయ్య బాబాయికి చెప్పు.

నీ తమ్ముడు
జ్ఞానేశ్వర్


సాలిపేట, పామర్రు దగ్గర
20 నవంబరు

తమ్ముడు జ్ఞానేశ్వర్‌కు,

నీ చంటిపిల్లను చూశాం. వీధిలో పిల్లలంతా దాని పక్కన నిలబడి ఎత్తులు కొలుచుకున్నారు. ముందున్న మూత, బానెట్ అంటారట, నాకు భుజాల దాకా వచ్చింది. పిన్నికి గడ్డం దాకా. "ఇది చిన్నదైతే మరి పెద్దది ఎట్టా ఉంటదే?" అని అడిగింది. నేనేం చెప్పను? బెజవాడలో అది చిన్నదే అయి ఉంటుంది. పామర్రు దాటి కాలవ గట్టు ఎక్కేసరికి పెరిగినట్టుంది.

ఇంకో వింత. చీరల కట్టలు ముప్పై వేసేసరికి వెనక నిండిపోయింది. నతానియేలు తన ట్రాలీలో ఇవే కట్టలు సర్ది, మిగిలిన చోట కాళ్లు చాపుకుని కునుకు తీసేవాడు. అంత పొడుగు బండిలో చోటంతా ఎక్కడికి పోయిందిరా? మీరు కూర్చోవడానికే పోయినట్టుంది.

అసలు సంగతి చెబుతాను. ఊరు వదిలి ఇరవై ఏళ్లయింది, మరిచిపోయావేమో. పొద్దున్నే మన వీధి వీధి కాదు. పడుగు పరిచిన చోటు. ఈ కొస నుంచి ఆ కొస దాకా దారాలు సాగదీసి, కర్ర గుంజల మీద నడుమెత్తున కట్టి, అటూ ఇటూ నలుగురం కుంచెలతో గంజి పట్టిస్తాం. ఎండ ముదిరే లోపు ఆ పని అయిపోవాలి. అంతదాకా వీధి మొదట్లో సైకిలు అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది. దాన్ని దాటి ఏ బండీ రాదు, చెప్పులతో ఏ మనిషీ రాడు. రాంబాబుకి ఇవన్నీ తెలుసు. బండి రోడ్డు మీదే ఆపి, చెప్పులు సైకిలు పక్కన విడిచి, మూటలు నెత్తిన పెట్టుకుని మోశాడు. నాలుగు సార్లు తిరిగాడు పాపం. ఆలస్యమైందని వాణ్ని కసురుకోకు.

అక్క
మల్లీశ్వరి


విజయవాడ
11 డిసెంబరు

అక్కకు,

నువ్వు రాసింది చదివి మాధురి పడీపడీ నవ్వింది. నాకు మాత్రం కొంచెం కోపం వచ్చిన మాట నిజం. ముచ్చటపడి బండి కొనుక్కుంటే ఊరంతా కలిసి దాన్ని ఎనుబోతును చేశారు.

లెక్క వేసి చూపిస్తాను, విను. మన వీధి పదకొండు అడుగులు. బండి ఆరు అడుగులు, దానికి అద్దాలు అటూ ఇటూ. పడుగు ఒక పక్కకు జరిపి కడితే మూడు అడుగులు. ఇంకా చోటు మిగులుతుంది. లోపల కూర్చుంటే అది కారులాగే ఉంటుందక్కా. చేతిలో ఇమిడిపోతుంది. బయట నిలబడి చూసేవాళ్లకే అది కొండలా కనిపిస్తుంది. రాంబాబుకి భయం ఎక్కువ, అంతే. రోడ్డు మీద ఆపి మోయడంతో ప్రతిసారీ గంట పోతోంది.

వచ్చే సోమవారం ఎగ్జిబిషన్ మొదలు. మీ వీధి చీరలు తొమ్మిదింటికల్లా స్టాల్లో ఉండాలి. తెల్లవారుజామునే బయల్దేరి రాంబాబుతో నేనే వస్తాను. బండి మీ గుమ్మం ముందు ఆగుతుంది, చూద్దువుగాని. కట్టలు సిద్ధంగా ఉంచు.

జ్ఞానేశ్వర్


విజయవాడ
19 డిసెంబరు

అక్కకు,

పిన్నికి ఎలా ఉంది? డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడాను. మణికట్టు ఎముక రెండు చోట్ల విరిగిందట. కట్టు ఆరు వారాలు ఉంచాలన్నారు. నిన్న నతానియేలు ట్రాలీలో పళ్లు, మందులు పంపాను. అందే ఉంటాయి. సరుకు మోయడానికి మళ్లీ అతన్నే రమ్మన్నాను.

బాబాయి పడుగు అంతా పాడైందని తెలుసు. పన్నెండు చీరల పడుగు. నూలు మళ్లీ పంపుతున్నాను.

అంత పెద్ద బండి అక్కా. ముందర ఏముందో ఏమీ కనపడదు. మంచు, లైట్ల వెలుగు, ఆ మలుపు. ఎవరున్నా జరిగేదేనేమో. రాంబాబుని కొన్నాళ్లు పనిలోకి రావద్దన్నాను. వాడి మీద నాకు కోపం లేదు. బాబాయికి కూడా చెప్పు, వాణ్ని ఎక్కువ తిట్టవద్దని.

నేను త్వరలో వస్తాను. ఎగ్జిబిషన్ వల్ల కుదరడం లేదు.

జ్ఞానేశ్వర్


సాలిపేట
2 జనవరి 2025

జ్ఞానేశ్వర్‌కు,

కిందటి నెల నీ లెక్క ప్రకారం బండి చేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఇప్పుడు ముందేముందో కనపడనంత పెద్దది. వారంలో ఎట్లా పెరిగిందో నాకు అర్థం కాలేదు. సరేలే, కంగారులో రాసి ఉంటావు.

రాంబాబు సంగతి చెబుతాను. బాబాయి వాణ్ని గుమ్మం ఎక్కనివ్వడం లేదు. "కన్నతల్లి మీదికి, పరిచిన పడుగు మీదికి బండి తోలినోడు నా ఇంట్లో మెతుకు ముట్టడానికి ఈల్లేదు" అన్నాడు. వాడు పామర్రులో ఒక టైర్ల కొట్టులో పడుకుంటున్నాడట. మొన్న మా పడుగుకి కుంచె పట్టడానికి మనిషి తక్కువైతే వాడే వచ్చి కుంచె అందుకున్నాడు. ఎదురింటాయన వాడి చేతిలోంచి కుంచె తీసేసుకున్నాడు. వాడు గంజి అంటిన చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు. నేనూ ఆపలేదు. నాకూ కోపంగానే ఉంది. పడుగు పక్కన పుట్టి పెరిగినవాడు ఇంత పని చేస్తాడా?

పిన్ని మాత్రం వాణ్ని ఒక్క మాట అనలేదు. బాబాయి మగ్గం గుంటలో కూర్చున్న వేళ చూసి, పెరటి గుమ్మంలో వాడికి అన్నం పెడుతోంది. ఎడమ చేత్తో వడ్డిస్తోంది. కుడి చేతి వేళ్లు రెండు వంగడం లేదు. తెగిన పోగు ఎక్కడ అతికిందో దుర్భిణీ వేసినా తెలియకుండా అతికే చెయ్యి అది. నీకు అతకడం నేర్పింది కూడా ఆవిడేగా.

నువ్వు వస్తానన్నావు, రాలేదు.

మల్లీశ్వరి


విజయవాడ
9 జనవరి

అక్కకు,

ఎగ్జిబిషన్ బాగా జరిగింది. మన చీరలు మిగల్లేదు. పిన్నికి ఫిజియోథెరపీకి ఉయ్యూరులో ఒకాయన ఉన్నారని తెలిసింది, నంబరు కాగితం వెనక రాశాను. నతానియేలు ట్రాలీలో తీసుకెళ్లి తీసుకొస్తాడు.

రాంబాబుకి ఇక్కడ వేరే కొట్టులో పని చూస్తున్నాను.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

జ్ఞానేశ్వర్


సాలిపేట
20 జనవరి

జ్ఞానేశ్వర్‌కు,

ఏం రాయాలో తెలియడం లేదన్నావు. నేనొకటి అడుగుతాను, దానికి జవాబు రాయి.

ఆ పొద్దున పిన్నిని ఊళ్లో దొరికిన ట్రాలీ ఎక్కించాక, గొడవంతా సర్దుకున్నాక, సైకిలు తెచ్చుకుందామని వీధి మొదటికి వెళ్లాను. ఎవరో దాన్ని గోడకు ఆనించి నిలబెట్టారు. పక్కనే రాంబాబు చెప్పులున్నాయి. ఎప్పటిలాగే రెండూ జతగా విడిచి ఉన్నాయి. ఆ రోజు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. చెప్పులు తెచ్చి అరుగు కింద పడేశాను. నిన్న ఊడుస్తుంటే మళ్లీ కనిపించాయి.

చెప్పులు విడిచి, పడుగుకి మర్యాద ఇచ్చి, మళ్లీ బండెక్కి ఆ పడుగు మీదికే తోలతాడా ఎవడైనా? వాణ్ని పిలిచి ఇదే అడిగాను. "మర్చిపోయాలే అక్కా" అని తల వంచుకున్నాడు. వాడికి అబద్ధం ఆడటం రాదు. చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసి కూడా మూతి తుడుచుకోకుండా వచ్చేవాడు.

నువ్వు బండిలోనే ఉన్నావు కదా. ఏం జరిగిందో నీకు తెలిసి ఉండాలి.

మల్లీశ్వరి


విజయవాడ
24 జనవరి

అక్కా,

బండి నడిపింది నేను.

ఈ ఒక్క ముక్క రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో. ఇక ఆపకుండా రాసేస్తాను. ఆగితే మళ్లీ చింపుతాను.

బెజవాడ నుంచి వీధి మొదటి దాకా రాంబాబే నడిపాడు. సైకిలు చూసి ఆపేశాడు. "పడుగుందన్నా, మోసుకొస్తా" అన్నాడు. నేను సీట్లోంచి చూశాను. నిజం చెబుతున్నాను, వీధి ఖాళీగా ఉంది. దూరంగా మంచులో నలుగురు నీడల్లా కనిపించారు. పని అయిపోయి నిలబడ్డారనుకున్నాను. "ఎత్తేశార్రా, నువ్వు పోయి సైకిలు తియ్యి" అని కసిరాను. వాడు దిగి, ఆ కంగారులో కూడా చెప్పులు విడిచి, సైకిలు పక్కకి పెట్టాడు. ఈలోగా నేను వాడి సీట్లోకి జరిగాను. నీ గుమ్మం ముందు నేనే నడిపి ఆపాలి కదా. వాడు పరిగెత్తుకొచ్చి పక్క సీటెక్కి "ఆగన్నా, ఆగు" అంటూనే ఉన్నాడు. నేను మలుపు తిప్పేశాను.

తెల్లటి పడుగు తెల్లటి మంచులో కలిసిపోయింది. దగ్గరి కొస బానెట్ కిందికి వెళ్లిపోయింది. ఆ కొసలో పిన్ని కింద కూర్చుని పోగు అతుకుతోంది. నాకు కనపడలేదు. ట్రాలీలో అయితే పాదాల ముందు పడిన సూది కూడా కనపడేది. ఇందులో అంత ఎత్తున కూర్చుని, అన్నీ కనపడుతున్నాయనుకున్నాను.

ఇంతవరకూ పొరపాటు. దీని తర్వాతదే నన్ను తింటోంది. కేక వినపడి ఆపాను. దిగి ముందుకు పరిగెత్తాను. పిన్ని కింద ఉంది, దారాలన్నీ ఆవిడ మీద ఉన్నాయి. మీరంతా అటు నుంచి పరిగెత్తుకొస్తున్నారు. మీ కళ్లల్లో లైట్లు కొడుతున్నాయి. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎంత పని చేశావురా రాంబాబూ!"

నేను ఆలోచించి అనలేదు. ఆలోచించి అని ఉంటే ఇంత సిగ్గుపడేవాణ్ని కాదేమో. లోపల ఏముందో అదే బయటికొచ్చింది. వాడు నా వంక ఒక్కసారి చూశాడు. వంగి వాళ్లమ్మను ఎత్తుకున్నాడు. ఆ రాత్రి ఫోన్ చేసి "నువ్వేం దిగులుపడకన్నా, నేనే తోలానని చెప్పా, వీధికి నీ పని కావాలి" అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని ఊరుకున్నాను. వద్దురా అనలేదు.

నాకు అక్కడికి వచ్చే మొహం లేదు. ఈ ఉత్తరం బాబాయికి, పిన్నికి, వీధిలో అందరికీ చదివి వినిపించు.

జ్ఞానేశ్వర్


సాలిపేట
28 జనవరి

జ్ఞానేశ్వర్,

చదవను.

నీ తప్పు నా నోటితో చెప్పించాలనుకున్నావు. అప్పుడు రాంబాబు నెత్తిన పెట్టావు, ఇప్పుడు నా నెత్తిన పెడుతున్నావు. కేకేసినప్పుడు నీ గొంతు వీధంతా వినపడింది. ఇది కూడా ఆ గొంతుతోనే చెప్పు.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. నీ మీద కోపం కంటే నా మీద నాకే అసహ్యం వేసింది. కుంచె లాక్కున్న రోజు నేను చూస్తూ నిలబడ్డాను. నా తమ్ముడు పెద్ద వ్యాపారి, అబద్ధం చెప్పడనుకున్నాను. వాడు డ్రైవరు కాబట్టి తప్పు వాడిదే అనుకున్నాను.

ఫిబ్రవరి మూడున బాబాయి కొత్త పడుగు వేస్తున్నాడు, నువ్వు పంపిన నూలుతోనే. ఆ పొద్దున రా. రాంబాబుని వెంటబెట్టుకుని రా. ఈ కాగితం మాత్రం నా పెట్టెలో ఉంటుంది. రాకపోతే అప్పుడు చదువుతాను.

మల్లీశ్వరి


విజయవాడ
6 ఫిబ్రవరి

అక్కా,

నువ్వు ఆ చివర కుంచె పట్టుకుని ఉన్నావు. నేను చెప్పింది నీకు వినపడింది. తర్వాత పిన్ని నాతో అన్న మాటలు వినపడి ఉండవు. అవి నీకు చెప్పకపోతే నిద్ర పట్టదు.

రాంబాబు బండి రోడ్డు మీదే ఆపాక, సైకిలు దగ్గర బూట్లు విప్పి, వాడి చెప్పుల పక్కన పెట్టి నడిచాను. చెప్పడానికి ఎంతో సిద్ధపడ్డాను గానీ, తీరా బాబాయి ఎదుట నిలబడితే రెండే ముక్కలు వచ్చాయి. "తోలింది నేను బాబాయ్. రాంబాబు కాదు." బాబాయి కుంచె గంజి కుండలో పెట్టేశాడు. తిట్టలేదు. కొట్టలేదు. నన్ను దాటుకుని వెళ్లి రాంబాబు ముందు నిలబడ్డాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ వేశాడు. ఇదంతా నా వల్లే. ఆ ముసలాయన ఏడుపు ఆపుకోవడం చూడటం కంటే రెండు దెబ్బలు తినడం సుఖంగా ఉండేది.

అప్పుడు పిన్ని నన్ను పిలిచింది. "ఇట్టా రా. నేను కూకున్న చోట కూకో" అంది. పడుగు కొస పక్కన కూర్చున్నాను. "రాంబాబూ, బండి తీసుకురారా, మెల్లంగా" అంది. వాడు వద్దన్నాడు. ఆవిడ వినలేదు.

అక్కా, బండి మలుపు తిరిగి వస్తుంటే ముందు అద్దం కనపడింది, లోపల రాంబాబు మొహం కనపడింది. దగ్గరికి వచ్చే కొద్దీ మొహం పోయింది. తర్వాత అద్దం పోయింది. రెండు బారల దూరంలో ఆగేసరికి నా ఎదుట తెల్లటి గోడ, దాని పైన ఆకాశం. లైట్లు నా తల కంటే ఎత్తులో ఉన్నాయి. చెయ్యెత్తి ఊపాను. వాడికి చెయ్యి కూడా కనపడలేదని తర్వాత చెప్పాడు. నేను దాన్ని షోరూములో చూశాను, బస్సుల పక్కన చూశాను, లోపల కూర్చుని చూశాను. అది ఎంత ఉందో మాత్రం మొన్ననే చూశాను.

పిన్ని నా పక్కనే కూర్చుంది. "ఇప్పుడు కింద చూడు" అంది. బండి కింది సందులోంచి రాంబాబు పాదాలు దిగాయి. కుడి వైపు, తోలేవాడి తలుపు. ఉత్త పాదాలు.

"ఆ రోజు అటేపు నుంచి బూట్లు దిగినయ్యిరా" అంది పిన్ని. "నల్ల బూట్లు. ఉత్త కాళ్లు ఇటేపు దిగినయ్యి. నేను కిందే ఉన్నాగా, నాకు అయ్యే కనపడినయ్యి."

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నా కొడుకు నేనే అన్నాడు. వాణ్ని అబద్ధాలకోరుని చెయ్యమంటావా? నేను చెబితే మీ బాబాయి నీకు చీరలు ఆపేత్తాడు, వీధంతా ఆపుద్ది. అది కాదులే అసలు. నీకు పోగు అతకడం నేర్పినప్పుడు నువ్వు ముడేసి దాచేవోడివి. నేను పట్టుకుంటే ఏడ్చేవోడివి. కాసేపాగి నువ్వే ఇప్పి చూపించేవోడివి. ఈసారీ చూపిత్తావనుకున్నా. యాభై రోజులు పట్టింది నీకు."

పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. ఆవిడ దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని నా చేతికిచ్చింది. "నాకు ఏళ్లు వంగట్లా. నువ్వు అతుకు" అంది. నాలుగుసార్లు మెలితిప్పాను. నాలుగుసార్లూ జారిపోయింది. నా చేతులకు ఆ విద్య కూడా పోయింది. చివరికి రాంబాబు వచ్చి వంగి, ఒక్క మెలికతో అతికేశాడు.

ఆ తర్వాత అక్కడ ఉండలేకపోయాను. ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను, నీకు కూడా. పామర్రులో బస్సెక్కాను. బస్సు కదిలాక కిందికి చూసుకుంటే కాళ్లకు ఏమీ లేవు.

బండి రాంబాబు దగ్గరే ఉండనీ. వాడు ఏం చేయమంటే అది చేస్తాను. చీరలు నతానియేలు ట్రాలీలోనే పంపించు, పంపడానికి మీకు ఇష్టమైతే.

జ్ఞానేశ్వర్


సాలిపేట
11 ఫిబ్రవరి

తమ్ముడు జ్ఞానేశ్వర్‌కు,

చీరలు పంపుతున్నాం. పంపమని చెప్పింది బాబాయే. నీతో మాట్లాడతాడో లేదో మాత్రం నాకు తెలియదు, నేను అడగలేదు.

రాంబాబు ఇంట్లోనే పడుకుంటున్నాడు. బండి రోడ్డు పక్కన ఆపి ఉంది. దాని మీద పిల్లలు వడియాల చాపలు ఆరేశారు. నిన్న మా పడుగుకి ఎదురింటాయన తనంతట తనే వాడికి కుంచె అందించాడు. వాడు తీసుకున్నాడు. ఆయన వాడి మొహంలోకి చూడలేకపోయాడు. నేనూ అంతే.

నీ బూట్లు వీధి మొదట్లో, సైకిలు పక్కనే ఉన్నాయి. తుడిచి ఈ మూటలో పెడదామని తెచ్చాను. పిన్ని నా చేతిలోంచి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టి వచ్చింది.

"అక్కడే ఉండనియ్యి. ఈసారి వచ్చినప్పుడు విప్పే పని ఉండదు వాడికి, పోయేటప్పుడు ఏసుకుపోతాడు" అంది.

మల్లీశ్వరి